పప్పు ఉడికితే మంచినీళ్లేనా?

చుట్టాలొచ్చిన రోజే కుక్కర్ పరువు తీస్తుంది. విజిళ్లు రావాల్సినన్ని వచ్చాయి. మూత తీస్తే ఆవిరి కమ్మగానే కొట్టింది. గరిటె పెట్టి చూస్తే మాత్రం పైన పసుపు నీళ్లు, అడుగున బద్దలు బద్దలుగా కందిపప్పు. పప్పుగుత్తితో ఎంత ఎనిపినా మెదగదు. పాత నల్లగొండ జిల్లా రామన్నపేట చుట్టుపక్కల పాత కాపురం ఉన్న ఇళ్లలో ఇలాంటప్పుడు విచారణ ఎక్కువసేపు సాగదు.

"అత్తమ్మా, పప్పు ఇంకా పలుకుమీదనే ఉంది."

"ఏ నీళ్లు పోసినవ్ బిడ్డా?"

"నల్లా నీళ్లు అయిపోయినయని బోరు నీళ్లు పోసిన."

"బోరు నీళ్లకు పప్పు యాడ ఉడుకుతది!"

ఈ తీర్పులో రసాయనశాస్త్రం తప్పుపట్టగలిగింది ఏమీ లేదు. పొయ్యి మంటదీ, కుక్కర్‌దీ, కోడలిదీ కాదు, నేరం నీళ్లదే. చిక్కల్లా ఆ తీర్పు వెనకాల మనం చెప్పకుండా కలిపేసుకునే ఇంకో మాటతో ఉంది: పప్పు ఉడికే నీళ్లయితే అవి మంచినీళ్లేనని. చాలాచోట్ల ఆ నమ్మకం వల్ల వచ్చే నష్టమేమీ లేదు. నల్లగొండ నేల మీద మాత్రం అది తలకిందులయ్యే అవకాశం ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు ఒక కందిబద్ద లోపలికి వెళ్లాలి.

బద్ద లోపల ఏం జరుగుతుంది?

కందిబద్దలో కంటికి ఆనని కణాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో కణం నిండా పిండిపదార్థం, మాంసకృత్తులు. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు పదార్థం పలచటి పొరలా ఉండి, గోడలో ఇటుకల మధ్య సున్నంలా వాటిని పట్టి ఉంచుతుంది. ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రాకొనో 1825లో వేరుచేసి వర్ణించిన పదార్థమిదే. జామకాయ జెల్లీ గడ్డకట్టేది కూడా దీనివల్లే.

పప్పు ఉడకడమంటే రెండు పనులు కలిసి జరగడం. ఒకటి, కణాల్లోని పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బడం. ఇది ఏ నీళ్లలోనైనా జరుగుతుంది. రెండోది, పెక్టిన్ పొర కరిగి కణాలు ఒకదాన్నొకటి వదిలేయడం. ఆ పట్టు వీడితేనే పప్పుగుత్తి కింద బద్ద వెన్నలా నలుగుతుంది. మొదటిది జరిగి రెండోది జరగకపోతే బద్ద ఉబ్బుతుంది, రంగు మారుతుంది, పచ్చివాసన కూడా పోతుంది, కానీ మెదగదు. కుక్కర్ మూత తీసినప్పుడు మనకు ఎదురయ్యే వింత ఇదే.

ఈ రెండో పనికి అడ్డుపడేది కాల్షియం, కొంతవరకు మెగ్నీషియం. పెక్టిన్ గొలుసుల మీద రుణావేశం ఉన్న చోట్లుంటాయి. కాల్షియం అయాన్‌కు రెండు ధనావేశాలు. అందుకే అది ఇటు ఒక గొలుసును, అటు ఇంకో గొలుసును పట్టుకుని రెంటికీ ముడివేస్తుంది. ముడులు పెరిగేకొద్దీ పెక్టిన్ కరగదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటే ఉడికినంతసేపూ కొత్త ముడులు పడుతూనే ఉంటాయి. సబ్బు నురగ రాకపోవడానికీ, బకెట్ల అంచున తెల్లటి పెచ్చు కట్టడానికీ, హీటర్ కడ్డీకి సున్నపు తొడుగు పట్టడానికీ కారణం కూడా ఈ లవణాలే. పాఠ్యపుస్తకాలు ఇలాంటి నీటిని కఠిన జలం అంటాయి. ఊళ్లో ఉప్పు నీళ్లంటారు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చు.

పప్పు కూడా ఊరికే లొంగిపోదు. దానిలో ఫైటేట్ అనే భాస్వర పదార్థం ఉంటుంది. కాల్షియం కనిపిస్తే తానే పట్టేసుకుని పెక్టిన్‌ను విడిపించడం దాని గుణం. బఠాణీలు కొన్ని త్వరగా, కొన్ని ఆలస్యంగా ఉడకడం వెనక ఈ ఫైటేట్ పాత్ర ఉందని స్వీడన్ శాస్త్రవేత్త మాట్సన్ 1946లోనే వాదించారు. పాత పప్పు మొండికేయడానికీ ఇదే వివరణ. ఎండాకాలం వేడిలో, వానాకాలం చెమ్మలో నెలల తరబడి డబ్బాలో పడి ఉన్న పప్పులో ఒక ఎంజైము ఫైటేట్‌ను మెల్లగా విరగ్గొడుతుంది. అది పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం విడుదలై పెక్టిన్‌కు చుట్టుకుంటాయి. అప్పుడు నీళ్లు ఎంత మంచివైనా ముడులు గింజలోనే తయారై ఉంటాయి. కాబట్టి అత్తమ్మ అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది: ఎప్పటి పప్పు?

మూడో ప్రశ్న పులుపు గురించి. పుంటికూర పప్పు, చుక్కకూర పప్పు, చింతచిగురు పప్పు మన వంటింటి ఘనతలు. ఆకు, బద్ద ఒకేసారి కుక్కర్లో వేసేస్తే మాత్రం పులుపు పెక్టిన్‌ను కరగనివ్వదు. పుల్లటి ద్రావణంలో పెక్టిన్ గొలుసులు తెగడం బాగా మందగిస్తుంది. ముందు పప్పు ఉడకబెట్టి, ఎనిపి, ఆ తర్వాతే చింతపండు రసం పోయాలన్న పాత పద్ధతికి ఆధారమిదే. టమాటా అంత తీవ్రమైనది కాకపోయినా అదీ ఆ దారిలోదే.

ఎత్తు మీద నెపం వేయడం మాత్రం కుదరదు. కొండల మీద నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయన్నది నిజమే. కానీ సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గే లెక్కలో మన పీఠభూమి ఎత్తుకు పోయేది ఒకటి రెండు డిగ్రీలే. పైగా కుక్కర్ ఉన్నది ఆ లోటు తీర్చడానికే. 1679లో డెనిస్ పాపిన్ తయారుచేసిన ఆవిరి పాత్ర నుంచి నేటి కుక్కర్ దాకా సూత్రం ఒకటే: ఆవిరిని బంధిస్తే లోపలి నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య దాదాపు రెట్టింపు వేగం అందుకుంటుందన్న మోటు లెక్క వేసుకున్నా, మామూలు గిన్నెకంటే కుక్కర్లో పప్పు నాలుగింతలు త్వరగా ఉడకాలి. అంత బలం కూడా బోరు నీళ్ల కాల్షియం ముందు చాలడం లేదంటే ఆ ముడులు ఎంత గట్టివో ఊహించుకోవచ్చు.

విరుగుడు

కాల్షియాన్ని తప్పించడానికి ఇంట్లోనే దారులున్నాయి. నీళ్లను ముందు బాగా మరగబెట్టి, చల్లార్చి, పై తేట వంచుకోవడం ఒకటి. మరిగినప్పుడు నీటిలోని కాల్షియం బైకార్బనేట్ విరిగి సున్నపురాయి పదార్థమై అడుగున దిగుతుంది. కాల్షియం సల్ఫేట్, క్లోరైడ్ రూపంలో ఉంటే మాత్రం మరిగించినా పోదు. రెండోది నానబెట్టడం. నానబెట్టే నీటిలో కాస్త ఉప్పు వేస్తే సోడియం అయాన్లు పెక్టిన్ దగ్గరి కాల్షియాన్ని కొంత తోసేస్తాయి. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదన్న మాట విన్నవారికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది.

మూడోది చిటికెడు తినే సోడా. సోడియం బైకార్బనేట్ ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది. కాల్షియాన్ని కార్బనేట్‌గా మార్చి నీటి నుంచి తప్పిస్తుంది. సోడియం పెక్టిన్ ముడులను సడలిస్తుంది. నీటికి క్షారగుణం తెచ్చి పెక్టిన్ గొలుసులనే తెంపుతుంది. మోతాదు మించితే పప్పు జిగటగా, సబ్బు రుచితో తయారవుతుంది. బి1 విటమిన్ కూడా చాలావరకు నాశనమవుతుంది. చిటికెడు అన్న మాటను అందుకే మర్చిపోకూడదు.

క్షారగుణం చేసే ఇంకో చిత్రం అన్నం గిన్నెలో కనిపిస్తుంది. కొన్ని బోర్ల నీళ్లతో వండితే తెల్లటి సన్నబియ్యం కూడా లేత పసుపు రంగు తేలుతుంది. బియ్యం కల్తీదని కొట్టువాడి మీదకు వెళ్లక్కర్లేదు. నీళ్లు మరిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి క్షారగుణం పెరుగుతుంది. ఆ వాతావరణంలో బియ్యంలోని ఫ్లేవనాయిడ్లు పచ్చబడతాయి. ఎసట్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అన్నం మళ్లీ తెల్లగా వస్తుంది. చొక్కా మీద పడ్డ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడటం కూడా ఈ కోవలోదే, అక్కడ రంగు మార్చేది పసుపులోని కర్క్యుమిన్.

ఇంతవరకు కథలో దోషి కాల్షియం. ఇక్కడినుంచి అదే కాల్షియం కొంతవరకు కాపలాదారుగా కనిపిస్తుంది.

రాయి చెప్పే రెండో కథ

రామన్నపేట 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా కాళ్ల కింది రాయి మారలేదు. ఈ ప్రాంతమంతా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, దాని సంబంధీకులైన నైస్ శిలలు. వీటిలోని నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు ఆ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది.

ఎంత కరగాలో నిర్ణయించేది చాలావరకు కాల్షియం. కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ ఒకచోట పెరిగితే కాల్షియం ఫ్లోరైడ్‌గా కలిసి గట్టిపడి నీటి నుంచి తప్పుకుంటాయి. అది నీటిలో అతి తక్కువగా కరిగే పదార్థం. కాబట్టి కాల్షియం నిండుగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ మరీ పెరగడానికి ఒక హద్దు ఉంటుంది. లోతైన రాతిలో నీరు ఎక్కువకాలం నిలిచినప్పుడు ఆ హద్దు చెరిగిపోతుంది. కొంత కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలో దిగిపోతుంది. మరికొంత బంకమన్ను పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతుంది. చివరికి మిగిలేది సోడియం బైకార్బనేట్ నీరు: కాల్షియం తక్కువ, క్షారగుణం ఎక్కువ, ఫ్లోరైడ్ పెరగడానికి అడ్డు లేదు.

వంటింటి భాషలో చెప్పాలంటే అది సహజంగానే తినే సోడా కలిసిన నీరు. పప్పు అందులో చక్కగా ఉడుకుతుంది, సబ్బు చక్కగా నురగనిస్తుంది. అన్నం కాస్త పచ్చబడొచ్చు. ఇల్లాలికి ఇంతకంటే మంచి నీళ్లు లేవనిపిస్తుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచి తెలియదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లా గ్రానైటు నేలల భూగర్భజలంపై 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్లోరైడ్ లీటరుకు 7 మిల్లీగ్రాములు దాటిన నమూనాలున్నాయి. భారత ప్రమాణం కోరేది 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5.

ఇది ప్రతి బోరుకూ వర్తించే సూత్రం కాదు. పప్పు ఉడకని నీళ్లలో కూడా హద్దు దాటిన ఫ్లోరైడ్ ఉండొచ్చు, ఉడికే నీళ్లు నిక్షేపంగానూ ఉండొచ్చు. పప్పుకు ఫ్లోరైడ్‌ను పసిగట్టే శక్తి లేదన్నదే ఇక్కడ అసలు సంగతి. వాననీళ్లు ఊరే చేదబావుల కాలంలో పప్పు పరీక్ష చాలాచోట్ల సరిపోయి ఉండొచ్చు. అప్పుడు నీరు రాతిలో అంత ఎక్కువకాలం మగ్గేది కాదు, తేడా ఎక్కువగా ఉప్పదనంలోనే ఉండేది. చేతిపంపులు, లోతు బోర్లు వచ్చాక నీటి వయసు మారింది, పరీక్ష మాత్రం పాతదే మిగిలింది.

పళ్ల నుంచి ఎముకల దాకా

ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని దేశంలో మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా పల్లెల్లో గట్టిపడిపోయిన వెన్నెముకలను, మచ్చలు పడిన పళ్లను పరిశీలించిన షార్ట్, ఆయన సహచరులు 1937లో ఆ వ్యాధికి కారణం నీటిలోని ఫ్లోరైడేనని ప్రకటించారు. నల్లగొండ బాధను 1955లో సిద్దిఖీ రాసిన వ్యాసం ద్వారా బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాఠకులు తెలుసుకున్నారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇక్కడి యువకుల్లో మోకాళ్లు లోపలికి ఒంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లాన్సెట్‌లో వివరించారు.

దంతాల పింగాణీ పొర తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద తెల్ల చారలు, తర్వాత గోధుమరంగు మచ్చలు పడతాయి. మోతాదు ఇంకా ఎక్కువగా ఏళ్లతరబడి కొనసాగితే ఎముకల్లో పేరుకుని కీళ్లు బిగుసుకుంటాయి. తాగే నీటితోనే ఇది ఆగదు. పప్పు, అన్నం ఉడికేటప్పుడు పీల్చుకున్న నీటితోపాటు ఫ్లోరైడ్ కూడా కంచంలోకి వస్తుంది. మరగబెడితే పోదు. ఆవిరైపోయేది నీరే కాబట్టి మిగిలిన దానిలో ఇంకాస్త చిక్కబడుతుంది. కాల్షియాన్ని దించడానికి పనికొచ్చిన ఉపాయం ఇక్కడ ఎదురు తిరుగుతుందన్నమాట.

విరుగుడు కనిపెట్టినప్పుడు దానికి ఈ జిల్లా పేరే పెట్టారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1970లలో రూపొందించిన పద్ధతిని ప్రపంచం నల్లగొండ టెక్నిక్ అంటుంది. బకెట్ నీళ్లలో ముందు కొద్దిగా సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు, తర్వాత పటిక వేసి ముందు వేగంగా, ఆపైన నెమ్మదిగా తిప్పుతారు. కాసేపటికి నీళ్ల నిండా దూది పింజల్లాంటి తెట్టెలు తేలి, ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుగుకు జారతాయి. పటిక నుంచి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలవి. ఫ్లోరైడ్ వాటికి అంటుకుని దిగిపోతుంది. పై నీటిని అడుగు కదలకుండా వంపుకోవాలి. ఊరంతటికీ సరిపడే కేంద్రం 1980లో అప్పటి అనంతపురం జిల్లా కదిరిలో వచ్చింది. పటిక మోతాదు ప్రతి నీటికీ వేరు. ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అని కొలవకుండా వేస్తే ఫ్లోరైడ్ సరిగా పోదు, నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ మందు కలపాలి, రోజూ అడుగు తీసెయ్యాలి. అంత శ్రద్ధ నిలవని చోట కేంద్రాలు మూలనపడ్డాయి.

కిలిమంజారో నీడలో

ఆ పద్ధతి ఆఫ్రికాకూ వెళ్లింది. టాంజానియాలో అరూషా దగ్గరి న్గుర్దోతో పరిశోధన కేంద్రంలో నల్లగొండ పద్ధతిని బకెట్లలో పరీక్షించి అక్కడి ఇళ్లకు తగ్గట్టు మార్చారు. అక్కడి అగ్నిపర్వత శిలల నీటిలోనూ ఫ్లోరైడ్ సమస్యే. విచిత్రమేమంటే మన పప్పు కథ కూడా అక్కడ ఉంది. బీన్స్, మొక్కజొన్న గింజలు త్వరగా మెత్తబడాలని అక్కడివాళ్లు ఎసట్లో మగాడి అనే రాతి సోడా వేస్తారు. రిఫ్ట్ లోయలోని ఉప్పు సరస్సుల అంచుల్లో, పొడినేలల మీద పొరలుగా తేలే సోడియం కార్బనేట్, బైకార్బనేట్‌ల మిశ్రమమది. మన చాకలివారు బట్టలు ఉడకబెట్టడానికి వాడిన సవుడు మన్నుకు దగ్గరి చుట్టం. గింజను అద్భుతంగా ఉడికిస్తుంది. దానితోపాటు చాలా నమూనాల్లో ఫ్లోరైడ్ కూడా దండిగా ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ తక్కువున్న ఊళ్లలో సైతం పిల్లల పళ్ల మీద మచ్చలు ఎందుకున్నాయని వెతికిన దంతవైద్య పరిశోధకులు వేలు చూపినవాటిలో ఈ మగాడి ఒకటి. గింజ మెత్తబడటమూ, ఫ్లోరైడ్ లోపలికి రావడమూ ఒకే చిటికెలో జరిగిన ఉదాహరణ ఇది.

ఇంతకీ ఏ నీళ్లు పోయాలి?

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణతో మొదలై, ఆ తర్వాత మిషన్ భగీరథగా పేరు పొందిన పథకం కృష్ణా నీటిని శుద్ధిచేసి ఈ పల్లెలకు చేర్చింది. ఫ్లోరైడ్‌కు అన్నిటికంటే నమ్మకమైన మందు ఇలా నీటి వనరునే మార్చడం. కాకపోతే నల్లా రాని పూట, మోటారు పాడైన పూట, పెళ్లి పందిట్లో డేగిసాలు నింపాల్సిన పూట చెయ్యి మళ్లీ బోరు వైపే పోతుంది. కొన్ని ఇళ్లలో తాగడానికి ఫిల్టర్ నీళ్ల క్యాను, వంటకు బోరు అన్న పంపకం ఉంటుంది. ఫ్లోరైడ్ లెక్కలో ఆ పంపకం సగమే పనిచేస్తుంది. పప్పుకు, అన్నానికి, చాయ్‌కి కూడా తాగే నీళ్లే పోయాలి. బోరు నీళ్లు గిన్నెలు తోమడానికి, ఇల్లు కడగడానికి చాలు.

పిల్లలకు ఒక ఆదివారం పని చెప్పొచ్చు. ఒకే డబ్బాలోని పప్పును నాలుగు గిన్నెల్లో సమానంగా తీసుకుని ఒకదానిలో ఫిల్టర్ నీళ్లు, రెండోదానిలో బోరు నీళ్లు, మూడోదానిలో బోరు నీళ్లతో చిటికెడు సోడా, నాలుగోదానిలో ఫిల్టర్ నీళ్లతో కాస్త చింతపండు రసం పోసి ఒకే మంట మీద ఒకే సమయం ఉడికించాలి. చల్లారాక ఒక్కో బద్దను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి చూస్తే కాల్షియం, క్షారం, పులుపు మూడింటి పనీ చేతికే తెలుస్తుంది. ఏ గిన్నెలో ఫ్లోరైడ్ ఎంతుందో మాత్రం ఏ వేలూ చెప్పలేదు.

దాన్ని చెప్పగలిగేది ప్రయోగశాలే. బోరు నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం పరీక్షా కేంద్రానికి ఇచ్చేటప్పుడు రెండు అంకెలు విడివిడిగా అడగాలి: మొత్తం కాఠిన్యం ఎంత, ఫ్లోరైడ్ ఎంత. మొదటిది 200 దాటితే మీ కష్టం పప్పుతో, సబ్బుతో, హీటర్ కడ్డీతో. రెండోది 1.5 దాటితే పప్పు ఎంత మెత్తగా ఉడికినా సరే, ఆ నీళ్లు వంటింట్లోకి రాకూడదు.